రోజుకొక్కటే మిగిలింది

"ఇరవై మూడే వచ్చాయండీ," అని ఫోనులో మళ్ళీ అంది ల్యాబ్ అమ్మాయి. "మీరేమో పద్నాలుగు వందల పైన పంపామంటున్నారు. మా ఫోల్డరులో ఉన్నవి మాత్రం ఇరవై మూడు."

"ఇంకొక్కసారి చూడండి, ప్లీజ్."

"మూడుసార్లు చూశానండీ. వీటితో గొంతు తయారు చెయ్యలేం. కనీసం ఆరు వందల వాక్యాలైనా ఉండాలి. మిగతావి మళ్ళీ పంపెయ్యండి, సరిపోతుంది."

మళ్ళీ పంపెయ్యాలట. పాపం, ఆ అమ్మాయి తప్పేం లేదు. మళ్ళీ పంపడానికి ఈ ఇంట్లో ఏమీ మిగల్లేదని ఆమెకెవరు చెప్పారు?

తల్లికి ఆపరేషనై పంతొమ్మిది రోజులైంది. గడ్డతో పాటు స్వరపేటిక మొత్తం తీసేశారు. అంతకుముందు ఇరవై మూడు రోజుల పాటు ఆవిడ రోజూ మైకు ముందు కూర్చుని వాక్యాలు చెప్పింది, తండ్రి పక్కనే కూర్చుని ఒక్కోదాన్నీ రికార్డు చేశాడు. వాటినుంచి అచ్చం ఆవిడ గొంతులాంటి గొంతు చేసి చిన్న యంత్రంలో పెడతామనీ, ఆవిడ ఏది టైపు చేస్తే యంత్రం అది పలుకుతుందనీ ల్యాబ్ వాళ్ళు మాటిచ్చారు. ఆ ఫైళ్ళన్నీ ఎక్కడో దూరాన ఉన్న వాళ్ళ సర్వరుకి పంపే ప్రోగ్రాం రాసింది కూతురే. ఆఫీసులో రోజంతా ఆమె చేసే పనే అది. ఇంట్లో పని కదా అని, ఒక ఆదివారం మధ్యాహ్నం గంటన్నరలో రాసి పడేసింది.

ఫోను పెట్టేసి ఆమె, ఏ ఫైలు ఎప్పుడు పంపిందో ప్రోగ్రాం రాసుకున్న చిట్టా తెరిచింది. పైనుంచి కిందిదాకా ఒకటే పాట. పంపాను, చేరింది. పంపాను, చేరింది. మొత్తం వెయ్యిన్నీ నాలుగు వందల పన్నెండు వరుసలు. ఒక్క వరుసలో కూడా తప్పన్న మాట లేదు.

"ఏమంటున్నారు వాళ్ళు?" అన్నాడు తండ్రి గుమ్మంలోంచి. చేతిలో ఇస్త్రీ చేసిన తువ్వాలు ఉంది. అరగంటగా దాన్నే మడతపెడుతున్నాడు.

"ఏదో చిన్న ఇబ్బంది నాన్నా. చూస్తున్నాను."

"చిన్నదైతే నీ మొహం అలా ఎందుకుంది?"

ఆమె మళ్ళీ తెర వైపు తిరిగింది. ఇరవై మూడన్న అంకె ఆమెను గుచ్చుతోంది. నెట్ తెగిపోయి ఫైళ్ళు పోయాయనుకుంటే, ఎన్ని పోవాలో దానికో లెక్కంటూ ఉండదు. రికార్డింగు జరిగింది ఇరవై మూడు రోజులు. చేరినవి సరిగ్గా ఇరవై మూడు ఫైళ్ళు. రోజుకొక్కటి.

మైకు దగ్గరికి లాక్కుని, "ఒకటి" అని ఒక ఫైలు చేసింది. "రెండు" అని ఇంకోటి చేసింది. మొదటిదానికి కిటికీ అని, రెండోదానికి తలుపు అని తెలుగులో పేర్లు పెట్టి, తండ్రి రోజూ పెట్టినట్టే పక్కన తేదీ చేర్చి, రెండింటినీ పంపింది. రెండూ చేరాయంది ప్రోగ్రాం. సర్వరులోకి వెళ్ళి చూసింది. ఒక్కటే ఉంది. దాని పేరులో కిటికీ లేదు, తలుపు లేదు, వట్టి తేదీ ఉంది.

తెరిచింది. "రెండు," అంది ఆమె గొంతు.

ఇంకేం అక్కర్లేకపోయింది. ఆ పాత సర్వరుకి తెలుగు అక్షరాలు తెలియవు. తెలియనివాటిని పేరులోంచి తీసి పారేస్తుంది, మిగిలిన తేదీనే పేరుగా ఉంచుకుంటుంది. అంటే ఒక రోజు పంపినవన్నీ ఒకటే పేరు. అదే పేరుతో కొత్త ఫైలొస్తే పాతదాన్ని తుడిచేసి దాని చోట కూర్చుంటుంది. కూర్చుని, చేరింది అంటుంది. అది అబద్ధం కూడా కాదు. ప్రతి ఫైలూ చేరింది, తర్వాతది వచ్చేదాకా బతికింది.

సర్వరు చూసుకునే ఆయనకి ఫోను చేసింది. పాతవాటి కాపీలు ఎక్కడైనా ఉంటాయా అని అడిగింది.

"రోజూ కాపీ తీస్తామమ్మా. రోజు ముగిశాక. అప్పటికి ఫోల్డరులో ఏముంటే అది."

"ఆ రోజు మధ్యలో చెరిగిపోయినవి?"

"అవెలా ఉంటాయమ్మా? లేనిదాన్ని కాపీ ఏం తీస్తాం?" మనిషి మంచివాడిలా ఉన్నాడు, గొంతు తగ్గించాడు. "ముఖ్యమైనవా?"

ఆమె థాంక్స్ చెప్పి పెట్టేసింది.

తండ్రి ఇంకా గుమ్మంలోనే ఉన్నాడు. ఇప్పుడు తువ్వాలు భుజం మీద ఉంది.

"పోయాయా?" అన్నాడు.

"పోయాయి."

"అన్నీనా?"

"రోజుకి ఒక్కటి తప్ప అన్నీ."

ఆయన లోపలికొచ్చి మంచం అంచున కూర్చున్నాడు. ముప్పై ఒక్క ఏళ్ళు ఆఫీసు రికార్డు గదిలో చేసిన మనిషి. తన చేతుల మీదుగా ఒక్క కాగితం పోలేదని రిటైరైన రోజు అందరి ముందూ చెప్పుకున్న మనిషి. చెప్పుకోవడమేంటి, ఆ ముక్క ఇప్పటికి వందసార్లు విని ఉంటుంది ఆ ఇల్లు.

"నీ కంప్యూటర్లో ఉంటాయిగా. ఇక్కడినుంచేగా పంపింది?"

"ఇందులో జాగా తక్కువ నాన్నా. ఒక్కో ఫైలు చేరగానే ఇక్కడ చెరిపెయ్యమని రాశాను. ఆ జాగాలో తర్వాతివి పడ్డాయి, ఇంక వెనక్కి రావు."

"ఎవరు రాయమన్నారు?"

"ఎవరూ రాయమనలేదు. నేనే రాశాను."

"చేరిందో లేదో చూడకుండానా?"

"చేరిందని అదే చెప్తుంటే!" అంది ఆమె. అనేశాక కోపం ఎక్కడినుంచో తన్నుకొచ్చింది. "నెంబర్లు చాలు నాన్నా అని మొత్తుకున్నాను. ఒకటి, రెండు, మూడు. నెంబర్లే ఉంటే ఇవాళ ఒక్కటి కూడా పోయేది కాదు. నువ్వే పట్టుబట్టావు. ప్రతిదానికీ పేరుండాలి, విషయం ఉండాలి, తేదీ ఉండాలి. పేరు లేని ఫైలు ఫైలే కాదు! నీ రికార్డు గదిని ఇంటికి తెచ్చి అమ్మ మీద పెట్టావు."

"నెంబరు చూస్తే ఏం తెలుస్తుందే నాకు? రేపు మీ అమ్మ 'అన్నం తిన్నారా' అన్నది వినాలనిపిస్తే ఎక్కడ వెతుక్కోను? ఆరువందల నలభైలోనా?"

"ఇప్పుడు వెతుక్కో!"

"పేరు పెట్టమన్నాను అమ్మడూ. పారెయ్యమన్నానా?"

ఆయనన్నది నిజం. తెలుగు పేర్లు పెట్టేలా ప్రోగ్రాం మార్చిన రోజు ఆమె ఒక్క ఫైలు పంపి చూసింది, ఒక్కటి చేరింది, సరే అనుకుంది. రెండోది పంపి చూడలేదు. అవతలికి వెళ్ళి ఎన్ని ఉన్నాయో ఒక్కసారీ లెక్కపెట్టలేదు. ఆఫీసులో ఎవరైనా ఇలా చేస్తే నిలబెట్టి నాలుగు చివాట్లు పెట్టేది. తల్లి గొంతు దగ్గరికొచ్చేసరికి తొందరపడింది.

ముందు గదిలోంచి టకటకా చప్పుడు వినబడింది. తల్లి కత్తెర పిడితో కటింగు బల్లని కొడుతోంది. ఆపరేషను తర్వాత ఆ ఇంట్లో పిలుపంటే అదే. రెండు దెబ్బలైతే ఎవరైనా రండి అని. నాలుగు దెబ్బలైతే ఏం గొడవ అక్కడ అని. ఇప్పుడు పడినవి నాలుగు.

తండ్రీ కూతుళ్ళు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు.

"నువ్వు చెప్పకు," అన్నాడాయన గుసగుసగా. "ఇవాళొద్దు."

"రేపైతే ఏం మారుతుంది?"

మళ్ళీ నాలుగు దెబ్బలు, ఈసారి గట్టిగా.

ముందు గదిలో ఆరు కుట్టుమిషన్లూ గుడ్డలు కప్పుకుని ఉన్నాయి. తల్లి ఇరవై ఏళ్ళుగా అమ్మాయిలకి కుట్టు నేర్పుతోంది. ఆరు మిషన్లు ఒక్కసారిగా నడుస్తుంటే ఆ హోరు మీదుగా, "ఏయ్ మూడో మిషనూ, అది చంక రౌండా, మెడ రౌండా?" అని ఆవిడ వేసే కేక వీధి చివరిదాకా వినిపించేది. దారినపోయేవాళ్ళు కూడా ఒక్క క్షణం తమ బట్టలు సరిచూసుకునేవాళ్ళు. ఇప్పుడావిడ మెడకి మెత్తటి గుడ్డ కట్టుకుని, నల్ల లైనింగు గుడ్డ బిగించిన అట్టని ఒళ్ళో పెట్టుకుని, టైలరింగు సుద్దతో రాస్తోంది. చదవడం అయిపోగానే అరచేత్తో దులిపేస్తుంది.

*ఎందుకు అరుచుకుంటున్నారు?*

"అబ్బే, ఏం లేదే," అన్నాడు తండ్రి. "కరెంటు బిల్లు."

తల్లి ఆయన వంక చూసింది. పెళ్ళైన ఇన్నేళ్ళలో ఆయన ఒక్క అబద్ధం కూడా ఆవిడ దగ్గర సరిగ్గా ఆడలేకపోయాడు. దులిపి, మళ్ళీ రాసింది.

*సోమవారం నుంచి పిల్లల్ని రమ్మన్నాను. నా యంత్రం ఎప్పుడొస్తుంది?*

తండ్రి మిషను మీది గుడ్డ సర్దుతూ అటు తిరిగిపోయాడు. కూతురు తల్లి కాళ్ళ దగ్గర నేల మీద కూర్చుంది.

"అమ్మా, ఫైళ్ళు పోయాయి."

తల్లి కనుబొమలు ముడిపడ్డాయి. ఏ ఫైళ్ళు అన్నట్టు చూసింది.

"నీ గొంతు ఫైళ్ళు. నేను రాసిన ప్రోగ్రాంలో తప్పుంది. ఒక రోజు పంపినవన్నీ ఒకదాని మీద ఒకటి పడి చెరిగిపోయాయి. నేను చూసుకోలేదు. తప్పు నాది. నాన్నది కాదు." చెప్పేదంతా ఒక్క గుక్కలో చెప్పేసింది, ఆగితే మళ్ళీ మొదలుపెట్టలేనని. "యంత్రం వస్తుందమ్మా. మాట్లాడుతుంది కూడా. కానీ అందులో ఎవరిదో గొంతు ఉంటుంది. నీది రాదు. ఇంక ఎప్పటికీ రాదు."

తల్లి కిందికి చూసింది. ఒళ్ళో అట్ట మీద సోమవారం అన్న మాట అలాగే ఉంది. తర్వాత చెయ్యి చాచి కూతురి చెంప తుడిచింది. కూతురికి అప్పుడు తెలిసింది తను ఏడుస్తున్నానని. తిట్టి ఉంటే బాగుండేది. తిట్టడానికి ఈవిడకి గొంతుండి ఉంటే ఈపాటికి తిట్టి, ఏడిచి, మళ్ళీ తనే దగ్గరికి తీసుకుని, అన్నీ అయిపోయి ఉండేవి.

*ఒక్కటీ మిగల్లేదా?*

"ఇరవై మూడున్నాయి. రోజుకొకటి. ఆ రోజు చివరగా చెప్పినది."

*వినిపించు.*

కూతురు లాప్‌టాప్ తెచ్చి కటింగు బల్ల మీద పెట్టింది. కిటికీలోంచి సాయంత్రపుటెండ బల్ల మీద పడుతోంది. తండ్రి ముందుకొచ్చాడు. ఎన్నాళ్ళకి వింటున్నాడో ఆ గొంతు, మొహంలో ఆశ దాచుకోలేకపోతున్నాడు. మూడో మిషను స్టూలు లాక్కుని కూర్చున్నాడు.

మొదటి ఫైలు నొక్కింది.

"ఇవాళ్టికి చాలండీ," అంది తల్లి గొంతు.

గదంతా నిండిపోయింది. ఆ కొంచెం బొంగురు, చివర్న ఆ చిన్న విరుపు. తండ్రి కళ్ళు మూసుకున్నాడు. తల్లి మాత్రం ఎవరో వచ్చారన్నట్టు తల తిప్పి చూసింది.

రెండోది. "చాలు. కాసిని నీళ్ళివ్వండి."

మూడోది. దగ్గు. "ఇంక చెప్పలేనండీ."

కూతురి చెయ్యి మౌస్ మీద ఆగింది. ఆమెకప్పుడు అర్థమైంది. రోజూ చివరికి తల్లి అలసిపోయి ఇంక చాలంటే, మైకు ఆపకుండా ఉన్న తండ్రి ఆ మాట కూడా ఫైలుగా దాచాడు. రికార్డైనది ఏదీ పారెయ్యకూడదు కదా మరి. దానికి ముగింపు అని పేరు కూడా పెట్టాడు, చిట్టాలో ఏ రోజు చూసినా చివరి వరుస అదే. తల్లి తిట్టినవి, పిలిచినవి, నవ్వినవి, మిషన్ల మీదుగా వేసిన కేకలు, అన్నం తిన్నారా అన్నది, అన్నీ ఒకదాని కింద ఒకటి పడి పోయాయి. అన్నిటికంటే పైన పడినవి ఈ ముగింపులే.

*ఆపావెందుకు?* అని రాసింది తల్లి.

తొమ్మిదోదానికొచ్చేసరికి గొంతు ఇంకా చిక్కిపోయింది. పన్నెండోదాంట్లో వెనకనుంచి తండ్రి మాట కూడా వినిపించింది. "ఇంకొక్కటి. ఈ ఒక్కటీ చెప్పెయ్." వెంటనే తల్లి, "ఇంకొక్కటి అంటారు, అదయ్యాక మళ్ళీ ఇంకొక్కటి అంటారు. మండుతోందండీ నాకు."

తండ్రి కళ్ళు తెరిచాడు.

పదిహేడోదాంట్లో మాటల్లేవు. ఎవరో గుడ్డ అడ్డం పెట్టుకుని ఏడుస్తున్న చప్పుడు. దాని మీద తండ్రి గొంతు, మెల్లగా, బతిమాలుతున్నట్టు. "నీ కోసమే కదే చెప్పేది. ఇంకా నాలుగే ఉన్నాయి."

"ఆపెయ్ అమ్మడూ," అన్నాడాయన.

తల్లి కత్తెరతో బల్ల మీద ఒక్క దెబ్బ కొట్టింది. ఆపొద్దని. అన్నీ విన్నారు. ఇరవై మూడోది ఆపరేషను ముందు రోజుది. "వదిలెయ్యండి నన్ను," అంది అందులో. అంతే ఉంది.

మాట్లాడగలిగినవాళ్ళు ఇద్దరున్నారు, ఇద్దరికీ మాట రాలేదు. కూతురికి ఇంకో దిగులు పట్టుకుంది. చెప్పుకోవడానికి సిగ్గనిపించే దిగులు. ఈ ఇరవై మూడింట్లో తనని పిలిచిన పిలుపు ఒక్కటీ లేదు. పుట్టినప్పటినుంచి రోజుకి యాభైసార్లు విన్న పిలుపు.

తల్లి అట్ట దులుపుకుంది. ఈసారి పెద్ద అక్షరాల్లో రాసి ఇద్దరికీ కనబడేలా తిప్పింది.

*చెరిపెయ్.*

"ఏంటే?" అన్నాడు తండ్రి.

ఆవిడ సుద్దతో ఆ మాట కింద గీత గీసింది.

"నీకేమైనా మతిపోయిందా? ఉన్నవే అవి! ఫోనులో ఒక్క వీడియో అయినా తియ్యనిచ్చావా ఎప్పుడైనా? ఆ ఇరవై మూడూ తప్ప నీ గొంతన్నది ఈ లోకంలో ఇంకెక్కడా లేదు!"

*అది నేను కాదు.*

"ఎలా ఉన్నా నీ గొంతే. నాకు కావాలి. అలసిపోయిందో, ఏడుస్తోందో, నన్ను తిడుతోందో, నాకు కావాలి. చెరపడానికి ఒప్పుకోను. ప్రాణం పోయినా ఒప్పుకోను, విన్నావా?"

ఆపరేషను తర్వాత ఆయన ఆవిడ మీద అరవడం అదే మొదటిసారి. ఆవిడ కూడా అలవాటు కొద్దీ నోరు తెరిచింది. ఇన్నేళ్ళ కాపురంలో ఆయన ఒకటంటే ఆవిడ రెండనకుండా ఉన్నది ఎప్పుడు? పెదవులు కదిలాయి, మెడ నరాలు బిగిశాయి, మెడకి కట్టిన గుడ్డ కింద, ఊపిరి కోసం చేసిన రంధ్రంలోంచి గాలి బుస్సుమంది. ఇంకేం రాలేదు. ఆయన ఠక్కున ఆగిపోయాడు. చెంపదెబ్బ తిన్నవాడిలా అయిపోయింది మొహం.

ఆవిడ నోరు మూసుకుంది. వంగి, తొందర లేకుండా రాసింది. రాసి అట్టని ఆయన ఒళ్ళో పెట్టింది.

*ఇరవై మూడు రోజులు చాలన్నాను. ఒక్క రోజూ అన్న వెంటనే ఆపలేదు. మీకు నా గొంతు కావాలి. నా మాట అక్కర్లేదు.*

తండ్రి అది చదివాడు. కళ్ళజోడు తీసి, తుడుచుకుని, పెట్టుకుని, మళ్ళీ చదివాడు. కాగితాలు జాగ్రత్తగా పట్టుకోవడం అలవాటైన చేతులు కదా, అక్షరాలు చెరగకుండా అంచులు మాత్రమే పట్టుకున్నాడు.

"నువ్వు లేకుండా పోతావేమోనని భయపడ్డానే," అన్నాడు. "ఎన్ని దాచుకుంటే అంత... ఏదో అనుకున్నాను." లేచి నిలబడ్డాడు. స్టూలు వెనక్కి పడింది. దాన్ని లేపలేదు. ఆ ఇంట్లో ఏ వస్తువూ దాని చోట లేకపోతే ఊరుకోని మనిషి దాన్ని దాటుకుని వెళ్ళిపోయాడు. గుమ్మం దగ్గర ఆగి, వెనక్కి తిరగకుండానే, "మీ అమ్మ చెప్పినట్టు చెయ్యి తల్లీ," అన్నాడు. వీధి తలుపు తెరుచుకున్న చప్పుడైంది. మూసుకున్న చప్పుడు కాలేదు.

కూతురు ల్యాబ్ సర్వరులో ఆ ఇరవై మూడింటినీ వరుసగా ఎంచింది. అన్నీ నీలం రంగుకి తిరిగాయి. ఇవి చెరిపి, కాపీల్లోవి కూడా తీసెయ్యమని సర్వరు చూసుకునే ఆయనకి ఒక్క ఫోను చేస్తే చాలు, తీసేస్తాడు. పోగొట్టడం ఎంత తేలికో ఆమెకి ఇప్పుడు బాగా తెలుసు. పద్నాలుగు వందలు పోగొట్టినప్పుడు పోతున్నట్టు కూడా తెలియలేదు.

"నా వల్ల కాదమ్మా," అంది. "ఒకసారి చేశాను, చాలు. మళ్ళీ నా చేత్తో చెయ్యలేను. ఇంకేం చెప్పినా చేస్తాను."

తల్లి ఆమె భుజం పట్టుకుని పక్కకి జరిపి, తనే లాప్‌టాప్ ముందు కూర్చుంది. దాన్ని ఆవిడ ఎన్నడూ ముట్టుకున్నది కాదు. గుండీల పెట్టెలో కావలసిన గుండీ వెతుకుతున్నట్టు మీటలన్నిటి మీదా ఒక్కసారి చూపు తిప్పింది. చూపుడువేలు గాల్లో నిలిపి, ఏది అన్నట్టు కూతురి వైపు తిరిగింది.

వీధిలోంచి తండ్రి దగ్గు వినిపించింది. ఆయన ఎక్కడికీ వెళ్ళలేదు. మెట్ల మీదే కూర్చున్నాడు, అన్నీ వింటున్నాడు.

తల్లి వేలు అలాగే ఉంది. కూతురు చెయ్యి చాచి ఆ వేలిని పట్టుకుంది. మీట చూపించడానికి పట్టుకుందో, ఆపడానికి పట్టుకుందో ఆమెకే తెలియదు.